వీధిలో కుక్క ఒంటరిగా కనిపిస్తే

(మా శనివారం తెలుగు రేడియో కార్యక్రమంలో చేసిన ప్రసంగానికి అక్షర రూపం)

ఈ కార్యక్రమంలో మీరు టాక్సుల గురించి విన్నారు, పిల్లల కాలేజీ చదువుల గురించి విన్నారు, ఆవకాయ గురించి కూడా విన్నారు. ఇవాళ కుక్కల గురించి మాట్లాడతానంటే నవ్వుకోకండి. మా ఇంటికి నెలకి ఒక్క ఫోనైనా ఇదే వస్తుంది: "మా వీధిలో ఒక కుక్క ఒంటరిగా తిరుగుతోందండీ, ఎవరిదో తెలీదు. పోలీసులకి చెప్పాలా? అన్నం పెడితే తప్పా? ఇంట్లోకి రానిస్తే ఏమన్నా అవుతుందా?"

నేను పశువుల డాక్టర్ని కాను. ఇక్కడ బే ఏరియాలో ఒక యానిమల్ షెల్టర్లో ఆరేళ్ళుగా శనివారం పూట వాలంటీరుగా పనిచేస్తున్నాను. గిన్నెలు కడుగుతాను, కుక్కల్ని నడిపిస్తాను, ముందు గదిలో కూర్చుని కుక్క దొరికిందని వచ్చేవాళ్ళ చేత కాగితాలు నింపిస్తాను. ఆ బల్ల దగ్గర కూర్చుని తెలుసుకున్నవే చెబుతాను.

ముందు ఒక మాట గురించి చెప్పుకోవాలి. మనం తెలుగులో 'వీధికుక్క' అంటాం. మా తెనాలిలో మా వీధికి మూడు కుక్కలుండేవి. అవి ఎవరివీ కావు, అలాగని దిక్కులేనివీ కావు. రాత్రి మిగిలిన అన్నం ఒకరు పెట్టేవారు, వానొస్తే ఇంకొకరి అరుగు మీద పడుకునేవి. పోస్టుమాను వస్తే ఊరుకునేవి, బుడబుక్కలవాడు వస్తే వీధి చివరిదాకా తరిమేవి. ఆ వీధే వాటి ఇల్లు. అందుకని వాటిని చూస్తే 'అయ్యో, తప్పిపోయిందే' అని ఎవరికీ అనిపించదు.

ఇక్కడ సంగతి వేరు. కాలిఫోర్నియాలో మీ వీధిలో కుక్క ఒంటరిగా కనిపించిందంటే చాలావరకు అది వీధికుక్క కాదు, తప్పిపోయిన కుక్క. ఎవరో గేటు సరిగ్గా వెయ్యలేదు, తోటమాలి తలుపు తీసి వదిలేశాడు, లేకపోతే టపాకాయ పేలింది. ఆ క్షణంలో దాని మనుషులు కారు అద్దాలు దించుకుని పేరు పెట్టి పిలుస్తూ వీధివీధీ తిరుగుతూ ఉంటారు. మనం చిన్నప్పుడు నేర్చుకున్న పద్ధతులు రెండే కదా: ఒకటి 'ఛీ, పో' అని అదిలించడం, రెండోది ఓ ముద్ద పడేసి మన దారిన మనం పోవడం. అక్కడ ఆ రెండూ చెల్లిపోయాయి. ఇక్కడ మాత్రం అదిలిస్తే ఆ కుక్క ఇంకో మైలు దూరం పోతుంది. ముద్ద వేసి వదిలేస్తే పెద్ద రోడ్డెక్కుతుంది.

అమెరికాలో కుక్కలు తప్పిపోయిన ఇళ్ళవాళ్ళని అడిగి 2012లో ఒక సర్వే ప్రచురించారు. పోయిన కుక్కల్లో 93 శాతం మళ్ళీ ఇంటికి చేరాయని అందులో తేలింది. పిల్లుల లెక్క అంతకంటే బాగా తక్కువ. అంటే మీకు కనిపించిన కుక్క ఇల్లు చేరే అవకాశం చాలా ఎక్కువ. దాని ఇల్లు సాధారణంగా దగ్గర్లోనే ఉంటుంది కూడా.

సరే, కనిపించింది. ఏం చెయ్యాలి?

వెంటపడకండి. అందరూ మొదట చేసే పని అదే. భయపడ్డ కుక్క వెనక మనిషి పరిగెత్తితే, ఆ మనిషి దాని యజమాని అయినా సరే, అది ఇంకా వేగంగా పరిగెత్తుతుంది. కొంచెం దూరంలో ఆగండి. ఎదురుగా నిలబడి కళ్ళలోకి చూడొద్దు, పక్కకి తిరిగి నేల మీద కూర్చోండి. ఏదో ఒకటి నెమ్మదిగా మాట్లాడుతూ ఉండండి, తెలుగులో మాట్లాడినా ఫరవాలేదు, గొంతు ముఖ్యం. ఉడికించిన చికెన్ ముక్కో, చీజ్ ముక్కో మీకూ దానికీ మధ్యలో వేసి ఊరుకోండి. పది నిమిషాలు పడుతుంది, ఒక్కోసారి అరగంట. కార్లో తిరగడం అలవాటున్న కుక్కయితే కారు వెనక తలుపు తీసి పెడితే తనే ఎక్కి కూర్చుంటుంది. ఇది నేను చాలాసార్లు చూశాను. దగ్గరికి వచ్చాక తల మీద చెయ్యి పెట్టొద్దు. ముందు చెయ్యి వాసన చూడనివ్వండి, ఆ తర్వాత గడ్డం కిందో, ఛాతీ దగ్గరో ముట్టుకోండి.

దగ్గరికి పోకూడని కుక్కల్ని కూడా గుర్తుపట్టాలి. ఒళ్ళు బిగదీసి కదలకుండా నిలబడి చూస్తున్నది, పళ్ళు బయటపెట్టింది, తోక కాళ్ళ మధ్య పెట్టుకుని గోడకి ఆనుకుపోయింది, ఒంటి మీద గాయం ఉన్నది. వీటి జోలికి వెళ్ళకండి. తోక ఊపినంత మాత్రాన స్నేహం అనుకోవద్దు, బిగుసుకున్న తోకని చిన్నగా ఊపుతుంటే అది హెచ్చరిక. మనకో సామెత ఉంది కదా, మొరిగే కుక్క కరవదని. అది మనుషుల గురించి చెప్పిన సామెత. మొరిగిన కుక్కలు కరవగా నేను చూశాను. అలాంటప్పుడు దూరం నుంచి ఒక ఫోటో తీసి, ఏ వీధిలో ఏ వైపు పోతోందో చూసుకుని, మీ ఊరి యానిమల్ కంట్రోల్ వాళ్ళకి ఫోన్ చెయ్యండి. ఒక్కో ఊరికి ఒక్కో షెల్టర్ ఉంటుంది. ఫ్రీమాంట్, నూవర్క్, యూనియన్ సిటీ వాళ్ళకి ట్రై సిటీ షెల్టర్. మీ ఊరి పేరు పక్కన యానిమల్ కంట్రోల్ అని కొడితే మీది ఏదో తెలిసిపోతుంది.

ఫ్రీవే మీద కుక్క కనిపిస్తే మాత్రం కారు ఆపకండి, ఎంత జాలి వేసినా సరే. అక్కడ దిగితే మీ ప్రాణానికి, వెనక వచ్చేవాళ్ళ ప్రాణానికి ముప్పు. 911కి ఫోన్ చేసి ఏ ఎగ్జిట్ దగ్గరో చెప్పండి, హైవే పెట్రోల్ వాళ్ళు చూసుకుంటారు.

ఇంకొకటి, కొండల దగ్గర ఉండేవాళ్ళ కోసం. సాయంత్రం నడకకి వెళ్ళిన మన పెద్దవాళ్ళు "పాపం బక్కచిక్కిన కుక్క ఒకటి చూసి వచ్చాం, రేపు ఒక రొట్టె పట్టుకెళతాం" అంటారు. అది కుక్కేనా అని అడగండి. బూడిద, గోధుమ రంగు కలిసిన ఒళ్ళు, పెద్ద నిక్కబొడుచుకున్న చెవులు, సన్నటి మూతి, పరిగెత్తేటప్పుడు కిందకి వేలాడే గుబురు తోక ఉంటే అది కొయోటీ. మన నక్కకి చుట్టం అనుకోండి. దానికి రొట్టెలు అలవాటు చేస్తే మనుషులంటే భయం పోతుంది, చివరికి అది దానికే చేటు.

ఇక తిండి. దొరికిన కుక్కకి ముందు నీళ్ళు పెట్టండి. తర్వాత ఉప్పూకారం లేని తెల్లన్నం, ఉడికించిన చికెన్, తాలింపు వెయ్యని పెరుగన్నం కొంచెం కొంచెంగా. మన వంటింట్లో కుక్కకి విషమయ్యేవి చాలానే ఉన్నాయి. ఉల్లిపాయ, వెల్లుల్లి పనికిరావు, అంటే ఉప్మా, సాంబారు, కూరలు అన్నీ పోయినట్టే. ద్రాక్ష, కిస్మిస్ ఇంకా ప్రమాదం, కిడ్నీలు పోతాయి. కాబట్టి ప్రసాదం కదా అని పాయసం, చక్కెర పొంగలి పెట్టొద్దు. చాక్లెట్ వద్దు. జైలిటాల్ అనే తీపి పదార్థం కొన్ని చూయింగ్ గమ్ముల్లో, కొన్ని పీనట్ బటర్లలో ఉంటుంది, అది కుక్కలకి చాలా చెడ్డది. కుంటుతోంది కదా అని మన టైలెనాల్, ఐబుప్రోఫెన్ మాత్రలు వెయ్యకండి. ఇంట్లో మీ కుక్క ఉంటే కొత్తదాన్ని వేరుగా గరాజ్‌లోనో బ్యాక్ యార్డ్‌లోనో ఉంచండి. పార్వో అనే జబ్బు టీకాలు లేని కుక్కపిల్లల్ని రెండు మూడు రోజుల్లో చంపేస్తుంది, అది మలం ద్వారా అంటుకుంటుంది.

ఇప్పుడు అసలు పని, అది ఎవరిదో కనుక్కోవడం. మెడ పట్టీకి బిళ్ళ ఉంటే సగం పని అయిపోయినట్టే, ఫోన్ చెయ్యండి. బిళ్ళ లేదని నిరాశపడక్కర్లేదు, చిప్ ఉండొచ్చు. బియ్యపు గింజంత ఉంటుంది, భుజాల మధ్య చర్మం కింద సూదితో వేస్తారు. మనవాళ్ళు చాలామంది ఆ చిప్ ద్వారా కుక్క ఎక్కడుందో ఫోన్‌లో కనిపిస్తుంది అనుకుంటారు. అలాంటిదేం లేదు. అందులో బ్యాటరీ ఉండదు, ఉన్నది ఒక్క నంబరే. స్కానర్ దగ్గర పెడితే ఆ నంబరు పలుకుతుంది. మామూలుగా ఏ షెల్టర్‌కి తీసుకెళ్ళినా, ఏ పశువుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళినా డబ్బులు తీసుకోకుండా ఒక నిమిషంలో చూసి చెబుతారు, అపాయింట్‌మెంట్ కూడా అక్కర్లేదు. ఆ నంబరు ఏ కంపెనీ దగ్గర నమోదైందో వెతికే సదుపాయం అమెరికన్ యానిమల్ హాస్పిటల్ అసోసియేషన్ వాళ్ళ వెబ్ సైట్లో ఉంది. ఆ కంపెనీకి ఫోన్ చేస్తే వాళ్ళు యజమానికి కబురు చేస్తారు.

ఈ చిప్ వల్ల ఎంత తేడా ఉంటుందో 2009లో వచ్చిన ఒక అధ్యయనంలో లెక్క కట్టారు. 53 షెల్టర్లలో చూశారు. అక్కడికి చేరిన కుక్కలన్నిటిలో యజమాని దగ్గరికి తిరిగి వెళ్ళినవి సుమారు 22 శాతం. చిప్ ఉన్నవాటిలో 52 శాతం. మరి మిగతా 48 శాతం ఎందుకు వెళ్ళలేదు? ముఖ్యంగా ఫోన్ నంబరు పాతది అవ్వడం వల్ల, లేకపోతే చిప్ వేయించి నమోదు చెయ్యకుండా వదిలెయ్యడం వల్ల. మనం ఉద్యోగాలకి టెక్సస్ నుంచి కాలిఫోర్నియా, ఇక్కడినుంచి సియాటిల్ మారుతూ ఉంటాం. బ్యాంకులో అడ్రసు మారుస్తాం, నెట్‌ఫ్లిక్స్‌లో మారుస్తాం. కుక్క చిప్‌లో ఎవరు మారుస్తారు? 2022 నుంచి ఈ రాష్ట్రంలో షెల్టర్ నుంచి ఇంటికి వెళ్ళే కుక్కకి చిప్ ఉండాలని చట్టం వచ్చింది. నంబరు సరిగ్గా ఉంచుకోవడం మాత్రం మన పనే.

చట్టం మాట వచ్చింది కాబట్టి చెబుతాను. కాలిఫోర్నియా చట్టం ప్రకారం కుక్క ఒకరి ఆస్తి. మీకు దొరికినంత మాత్రాన మీదైపోదు. ఎవరిదో కనుక్కునే ప్రయత్నం చెయ్యకుండా ఉంచేసుకుంటే దొంగతనం కిందకి రావచ్చు కూడా. అందుకని కుక్కని ఇంట్లో పెట్టుకున్నా సరే, షెల్టర్‌కి 'కుక్క దొరికింది' అని తప్పనిసరిగా చెప్పాలి. వెతికేవాళ్ళు మొదట వెళ్ళేది అక్కడికే. 1998లో టామ్ హేడెన్ అనే సెనేటర్ తెచ్చిన చట్టం ఒకటుంది. దాని ప్రకారం షెల్టర్‌లో చేరిన కుక్కని, తెచ్చిన రోజు కాక, ఆరు పనిదినాలు ఉంచాలి. సాయంత్రాలో, వారాంతమో తెరిచి ఉంచే షెల్టర్లకైతే నాలుగు రోజులు. అందులో మొదటి మూడు రోజులు యజమాని కోసమే ఉంచాలి, ఆ తర్వాత వేరేవాళ్ళకి పెంపకానికి ఇవ్వవచ్చు.

"షెల్టర్‌కి ఇస్తే చంపేస్తారటగా?" అని అడుగుతారు. దాచిపెట్టి చెప్పను. చోటు లేక, జబ్బు చేసి, మనుషుల్ని దగ్గరికి రానివ్వక చనిపోయే కుక్కలు ఇంకా ఉన్నాయి. ఈమధ్య చాలా షెల్టర్లు నిండిపోయి ఉంటున్నాయి. అందుకే ఇప్పుడు మేమే అడుగుతున్నాం: ఆరోగ్యంగా, నెమ్మదిగా ఉన్న కుక్కయితే, మీకు వీలైతే, చిప్ చూపించి, మా దగ్గర నమోదు చేసి, నాలుగు రోజులు మీ ఇంట్లోనే ఉంచుకోండి అని. దొరికిన వీధికి దగ్గర్లో ఉంటే దాని ఇల్లు తొందరగా తెలుస్తుంది. అపార్ట్‌మెంట్ లీజు ఒప్పుకోకపోయినా, చిన్నపిల్లలున్నా, ఇంట్లో భయపడేవాళ్ళున్నా మొహమాటం లేకుండా షెల్టర్‌కి తెచ్చెయ్యండి. అందులో తప్పేమీ లేదు. రోడ్డు మీద ఉండటం కంటే అది నయం.

మా ఇంట్లో జరిగింది చెబుతాను. రెండేళ్ళ క్రితం జూలై 5 పొద్దున్న మా గరాజ్ ముందు ఒక గోధుమరంగు కుక్క పడుకుని ఉంది. ముందు రోజు రాత్రంతా ఊళ్ళో టపాకాయలు. ఏడాదిలో కుక్కలు ఎక్కువగా తప్పిపోయే రోజులు అవే. మెడకి పట్టీ లేదు, చిప్ లేదు. షెల్టర్‌లో నమోదు చేశాం, నెక్స్ట్ డోర్‌లో, ఫేస్‌బుక్‌లో పెట్టాం, ముఖం పోల్చి వెతికే పెట్కో లవ్ లాస్ట్‌లో ఫోటో పెట్టాం. ఎవరూ పలకలేదు. రెండో రోజుకి మా అమ్మాయి దానికి బూందీ అని పేరు పెట్టేసింది. మూడో రోజుకి అది ఆ పేరుకి పలకడం మొదలుపెట్టింది. నాలుగో రోజు "అమ్మా, ఇంకెవరూ రారు, కదూ?" అంది.

అప్పుడు మా అత్తగారు, మామగారు ఇండియా నుంచి వచ్చి ఉన్నారు. మా అత్తగారికి కుక్క అంటే భయం, దానికి తోడు మడి. బూందీ బ్యాక్ యార్డ్‌లో ఉంటే ఆవిడ అద్దం తలుపు లోపలే నిలబడి చూసేవారు. మహాభారతం మొదట్లో సరమ కథ ఉంది కదా, జనమేజయుడి యజ్ఞం దగ్గర ఆడుకుంటున్న కుక్కపిల్లని అతని తమ్ముళ్ళు కొడితే, తల్లి సరమ వచ్చి నా బిడ్డ ఏం తప్పు చేశాడని నిలదీసింది. ఆ కథ ఆవిడ మా పిల్లలకి చెప్పారు. చెప్పి, "దీనికీ ఎవరో ఉంటారు, అడగడానికి వస్తారు చూడు" అన్నారు. మా అమ్మాయి ఏడ్చింది.

అయిదో రోజు సాయంత్రం నడకకి వెళ్ళి వస్తూ మా అత్తగారు గబగబా లోపలికి వచ్చారు. మామగారి అరచేతి మీద పెన్నుతో రాసిన ఫోన్ నంబరు ఉంది. పెద్ద రోడ్డుకి అవతల బట్టలుతికే లాండ్రీ షాపు అద్దం మీద ఒక కాగితం అంటించి ఉందట. అది స్పానిష్‌లో ఉంది. ఆవిడకి స్పానిషూ రాదు, ఇంగ్లీషూ అంతంతమాత్రం. కానీ ఫోటో చూడగానే "ఇది మన బూందీ కాదూ" అని మామగారిని ఆపారట. ఫోన్ చేస్తే అరగంటలో ఒక పెద్దాయన, ఆయన మనవడు వచ్చారు. ఆయన దగ్గర పాత బటన్ల ఫోన్ ఉంది. మేము నోటీసు పెట్టిన చోట్లు ఏవీ ఆయన చూసేవి కావు. పనయ్యాక రోజూ రాత్రి చేతిలో ఒక మాంసం ముక్క పట్టుకుని నడుచుకుంటూ తిరిగాడట. కుక్క ఆయన్ని చూసి చేసిన గోల నేను చెప్పక్కర్లేదు. మనవడు ఫోన్‌లో అది పిల్లగా ఉన్నప్పటి ఫోటోలు చూపించాడు. దాని అసలు పేరు కనేలా, అంటే దాల్చినచెక్క. మా అమ్మాయి గదిలోంచి బయటికి రాలేదు. వాళ్ళు వెళ్ళాక రెండు రోజులు నాతో మాట్లాడలేదు, నానమ్మతో అయితే ఒక వారం మాట్లాడలేదు.

అందుకే నోటీసు పెట్టేటప్పుడు ఫోన్‌లో పెట్టి ఊరుకోకండి. కాగితం మీద పెద్ద ఫోటో వేసి స్పానిష్‌లో ఒక లైను, మీ చుట్టుపక్కల చైనీస్ వాళ్ళుంటే చైనీస్‌లో ఒక లైను రాసి, లాండ్రీ దగ్గర, బస్ స్టాపు దగ్గర, కిరాణా షాపులో అంటించండి. పోస్టుమాన్‌కి చెప్పండి, రోజూ కుక్కల్ని నడిపించేవాళ్ళకి చెప్పండి. ఒక వీధి కుక్కలన్నీ వాళ్ళకి పేర్లతో సహా తెలుసు.

నోటీసులో అన్ని వివరాలూ రాయొద్దు. ఒక గుర్తు దాచుకోండి, పొట్ట మీద మచ్చో, విరిగిన పన్నో. ఎవరైనా మాదే అని ఫోన్ చేస్తే ఆ గుర్తు అడగండి. పాత ఫోటోలు, డాక్టరు కాగితాలు చూపించమనండి. నిజంగా పోగొట్టుకున్నవాళ్ళకి ఈ ప్రశ్నలంటే కోపం రాదు, పైగా సంతోషిస్తారు. జాతి కుక్కల్ని మాదే అని పట్టుకుపోయి అమ్ముకునేవాళ్ళున్నారు. ఇంకో మోసం కూడా ఉంది: మీ ఫోన్‌కి ఒక కోడ్ పంపాను, అది చదివి చెప్పండి అంటారు. చెప్పకండి.

కరిస్తే ఏం చెయ్యాలో చెప్పాలి. ఇది అన్నిటికంటే ముఖ్యం. గాయాన్ని వెంటనే సబ్బుతో, కారే నీళ్ళ కింద 15 నిమిషాలు కడగాలి. గడియారం చూసుకుని కడగండి, 15 నిమిషాలు మనం అనుకునే దానికంటే చాలా ఎక్కువ. తర్వాత డాక్టరు దగ్గరికి వెళ్ళాలి. కాలిఫోర్నియాలో కుక్కకాటుని ఆరోగ్య శాఖకి తెలియజెయ్యాలి, కరిచిన కుక్కని 10 రోజులు కనిపెట్టి చూస్తారు. కుక్క నుంచి కుక్కకి పాకే రకం రేబిస్ అమెరికాలో లేకుండా పోయిందని 2007లో సీడీసీ ప్రకటించింది. ఇక్కడ రేబిస్ ఇప్పుడు ఎక్కువగా గబ్బిలాలు, స్కంకులు, రకూన్ల ద్వారా వస్తుంది. అలాగని కుక్కకాటుని తేలిగ్గా తీసుకోమని కాదు, టీకా లేని కుక్కకి వాటి నుంచే అంటుకోవచ్చు.

ఇండియా వెళ్ళినప్పుడు ఈ లెక్క పూర్తిగా తిరగబడుతుంది. ఇక్కడ పుట్టిన మన పిల్లలకి కుక్క అంటే పక్కింటి గోల్డెన్ రిట్రీవర్. అమ్మమ్మగారి ఊళ్ళో వీధిలో కుక్కపిల్లలు కనిపించగానే పరిగెత్తుకెళ్ళి ఎత్తుకుంటారు, తల్లికుక్క అక్కడే ఉంటుంది. ప్రపంచంలో రేబిస్ చావుల్లో దాదాపు మూడో వంతు మన దేశంలోనే అని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. అందులో పిల్లలు చాలామంది. లక్షణాలు మొదలయ్యాక ఆ జబ్బుకి మందు లేదు. లక్షణాలు రాకముందే టీకా పడితే ప్రాణం దక్కుతుంది. కాబట్టి పిల్లాడు "గీరుకుంది అంతే" అన్నా వినకండి. కడిగి, అదే రోజు ఆస్పత్రికి తీసుకెళ్ళండి. రక్తం వచ్చిన గాయమైతే టీకాతో పాటు ఇమ్యునోగ్లోబ్యులిన్ కూడా వెయ్యాలి, అది వేశారో లేదో అడగండి. హైదరాబాదులో ఉంటే నారాయణగూడ ఐపీఎం పేరు అందరికీ తెలుసు. పసుపు, కారం, సున్నం పెట్టొద్దు, నాటుమందు అసలే వద్దు. పెద్దవాళ్ళు "బొడ్డు చుట్టూ 14 ఇంజెక్షన్లు" అని భయపెడతారు. గొర్రె మెదడు నుంచి చేసే ఆ పాత మందు తయారీ మన దేశంలో 2004 చివరికే ఆగిపోయింది. ఇప్పటివి చేతికి వేసే మామూలు సూదులు, కాకపోతే చెప్పిన తేదీల్లో అన్నీ వేయించుకోవాలి. మధ్యలో తిరుగు ప్రయాణం ఉంటే కాగితం భద్రంగా తెచ్చుకుని మిగతావి ఇక్కడ వేయించండి. సెలవులన్నీ పల్లెటూళ్ళో గడిపే పిల్లలకి ముందుగానే టీకా అవసరమా అని మీ పిల్లల డాక్టర్ని అడగండి.

కుక్క మీదకి వస్తే ఏం చెయ్యాలో కూడా పిల్లలకి ఇంట్లో ఆటలా నేర్పండి. పరిగెత్తకూడదు, అరవకూడదు. చెట్టులా నిలబడాలి: చేతులు ఒంటికి దగ్గరగా, చూపు కాళ్ళ మీద. కింద పడిపోతే ముడుచుకుని చేతులతో మెడ, చెవులు కప్పుకోవాలి. 2023 ఫిబ్రవరిలో హైదరాబాదు అంబర్‌పేటలో నాలుగేళ్ళ బాబుని కుక్కలు చంపేసిన వీడియో మనలో చాలామంది చూశాం. అది చూశాక మన వాళ్ళు కుక్కలంటే భయపడుతున్నారంటే నేను వాళ్ళని తప్పుపట్టను. 2025 ఆగస్టు 11న సుప్రీంకోర్టు ఢిల్లీ ప్రాంతపు వీధికుక్కలన్నిటినీ షెల్టర్లకి తరలించమంది. ఆగస్టు 22న దాన్ని మార్చి, రేబిస్ ఉన్నవీ, దూకుడుగా ఉన్నవీ తప్ప మిగతావాటికి ఆపరేషన్ చేసి, టీకా వేసి, పట్టిన చోటే వదలమంది. నవంబరు 7న మళ్ళీ బడులు, ఆస్పత్రులు, బస్టాండ్లు, రైల్వే స్టేషన్ల నుంచి మాత్రం తీసెయ్యమంది. ఆ గొడవలో ఎవరిది న్యాయమో తేల్చడానికి నేను రాలేదు. మీ ఊరు వెళ్ళినప్పుడు ఒకటి గమనించండి, చెవి కొస కత్తిరించి ఉంటే ఆ కుక్కకి ఆపరేషన్ అయి, టీకా పడిందని గుర్తు. మీ వీధి కుక్కలకి ఆ గుర్తు లేకపోతే మునిసిపాలిటీకి చెప్పించండి, డబ్బు సాయం చెయ్యగలిగితే దానికే చెయ్యండి.

ఆ కుక్కపిల్ల మీద మనసు పడి ఇక్కడికి తెచ్చుకుందాం అనుకునేవాళ్ళు కూడా ఉన్నారు. 2024 ఆగస్టు 1 నుంచి సీడీసీ నియమాలు మారాయి. అమెరికా వచ్చే కుక్కకి ఆరు నెలలు నిండాలి, చిప్ ఉండాలి. ఇండియా రేబిస్ ప్రమాదం ఎక్కువున్న దేశాల జాబితాలో ఉంది కాబట్టి టీకా కాగితాలు, మిగతా పనులు చాలా ఉంటాయి. టికెట్ కొనేముందు సీడీసీ వెబ్ సైట్ చూసుకోండి.

మీ ఇంట్లో కుక్క ఉంటే ఇవాళ రాత్రికి ఒక పని పెట్టుకోండి. చిప్ కంపెనీకి ఫోన్ చేసి వాళ్ళ దగ్గరున్న నంబరు మీదేనా అని అడగండి. జూలై 4కీ, దీపావళికీ ముందు ఇంకోసారి చూసుకోండి. ఆ రాత్రుళ్ళు దాన్ని లోపలి గదిలో పెట్టి, టీవీ కాస్త గట్టిగా పెట్టండి. దీపావళికి వచ్చేపోయే చుట్టాలు వీధి తలుపు తీసి ఉంచేస్తారు, తలుపు మీద ఒక కాగితం అంటించండి. కుక్క లేనివాళ్ళు మీ ఊరి యానిమల్ కంట్రోల్ నంబరు ఫోన్‌లో ఎక్కించుకోండి, కారు డిక్కీలో ఒక పాత తాడు, ఒక గిన్నె పడేసి ఉంచండి.

ఫోన్ లైన్లు ఇంకో పది నిమిషాలు తెరిచే ఉంటాయి, ప్రశ్నలుంటే అడగండి. సెలవు.